కూరకి తీసిన చేపలు

ఆదివారం సాయంత్రం నీలవేణి పెరట్లో పీట వేసుకుని నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. చిన్న చేపతో చిక్కే అది, తినడానికి చిటికెడు సేపు, బాగు చెయ్యడానికి పూటంతా.

"ఈసారి ట్రాన్స్‌ఫర్ పెట్టీసుకో," అన్నాడు భర్త ధనరాజు, గుమ్మంలో నిలబడి. "టెక్కలి కాలేజీలో ఖాళీ ఉన్నాదంట కదా. సీపురుపల్లి దాకా ఆ రైలు పాట్లు నీకెందుకు?"

తప్పేం అనలేదు. చీపురుపల్లి జూనియర్ కాలేజీలో ఆమె హిస్టరీ లెక్చరరు. భావనపాడులో చీకటితో లేచి, ధనరాజు బండి మీద నౌపడ స్టేషన్లో దిగి, పాసింజరు పట్టుకోవాలి. తిరిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేస్తారు. టెక్కలి అయితే ఆటోలో వెళ్ళి రావచ్చు. నడుంనొప్పి తగ్గుతుంది. శనివారంలోగా ఆప్షన్ పెట్టాలి, పెట్టేద్దామనే ఆమె కూడా అనుకుంటోంది.

కాలేజీలోనూ అదే మాట. "ఆడవాళ్ళకి దగ్గరైతే మంచిదమ్మా, ఇల్లు చూసుకోవచ్చు," అన్నాడు ప్రిన్సిపాలు. ఆయన రోజూ విశాఖపట్నం నుంచి వస్తాడు, ఆయన ఇల్లు ఎవరు చూసుకుంటున్నారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. స్టాఫ్ మీటింగులో టీలు అందించాల్సి వస్తే అందరి కళ్ళూ ఆమె వైపే తిరుగుతాయి. కామర్స్ మాస్టారైతే మరీను. "మేడమ్, రేపొచ్చేటప్పుడు మంచి వంజరం పట్టుకురండి" అంటాడు నవ్వుతూ. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఆయన కంటికి ఆమె నెత్తిన చేపల తట్టే కనిపిస్తుంది. టెక్కలి వెళ్తే ఆ మొహం చూసే పని తప్పుతుంది. అక్కడ ఇంకో మాస్టారు ఉండడని నమ్మకమేమీ లేదనుకోండి.

"పొద్దున్న నాను రేవు నుంచి వొచ్చీసరికి ఏడన్నం ఉంటాది," ధనరాజు నవ్వాడు. "సల్దన్నం తినలేక సస్తన్నాను."

అత్త దాలమ్మ చుట్ట ఆర్పి పక్కన కూలబడింది. "పొద్దున్న ఎండుసేపలు పరవడానికీ, సందేళ ఎత్తడానికీ ఓ సెయ్యి సాయముంటాదే అమ్మీ. నా మోకాళ్ళు నా మాట ఇనట్లేదు."

ఇంతలో ధనరాజు చేతిలోని ఫోన్లో వీడియో కాల్, ఆడపడుచు ధనలక్ష్మి. టెక్కలి కబురు అప్పటికే అందినట్టుంది. వీధి చివరే కాపురం, అయినా ఫోనే. "వదినా, బేగి వొచ్చెత్తావు కదా, మా పిల్లలిద్దరికీ సందేళ సదువు సెప్పు. ట్యూషనుకి పంపడం మానీస్తాను."

ముగ్గురివీ సంతోషంగా ఉన్న మొహాలే. ఎవరూ పాపాత్ములు కారు. కాకపోతే నీలవేణి చేతిలో చేప ఆగిపోయింది.

ఈ ఊళ్ళో వేటలో పడ్డ చేపలు పంచే పద్ధతి పాలు తాగే పిల్లకైనా తెలుసు. పడవకి ఒక పాలు, వలకి ఒక పాలు, మనిషికి తలా ఒక పాలు. కానీ పాళ్ళు వెయ్యకముందే, సముద్రం మీదకి వెళ్ళిన ప్రతివాడూ ఇంట్లో కూరకని నాలుగు చేపలు తీసి పక్కన పెట్టుకుంటాడు. పడవ యజమాని కూడా వాటి వంక చూడడు.

రైల్లో ఆమె చేసే ఘనకార్యం ఏమీ లేదు. అదే సుఖం. నౌపడ ఉప్పుమడులు దాటగానే చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుంటుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కుని ఎవరికీ పెట్టకుండా తింటుంది. లైబ్రరీ నవల రెండు పేజీలు చదివి మూడో పేజీలో కునుకు తీస్తుంది. ఆ కాసేపు ఎవరూ ఆమెని కోడలా అనరు, వదినా అనరు, మేడమ్ అనరు. కిటికీలోంచి గాలి మొహానికి కొడుతుంటే ఎందుకో నవ్వొస్తుంది కూడా. నడుం నొప్పెడుతుంది, నిజమే. నొప్పెట్టినా ఆ కాసేపూ ఆమెకి ఇష్టం. ఇన్నేళ్ళలో ఈ మాట తనకి తాను చెప్పుకోవడం ఇదే మొదలు.

"నేను ఆప్షన్ పెట్టను బావా," అంది.

ధనరాజు తెల్లబోయాడు. "అదేటే? రైలు నీకు ఇంటి కన్నా ఎక్కువైపోనాదేటి?"

"వేటకెళ్ళింది నేను. కూరకి తియ్యనివ్వకుండానే ముగ్గురూ నా పొద్దుని పాళ్ళేసీసుకున్నారు. ఆ రైలే నా కూర చేపలు."

ధనరాజుది సొంత పడవ. కూర చేపల లెక్క అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. దాలమ్మ కోడలి మొహం కేసి చూసి, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది.

"ఒరే, కూర సేపల మీద సెయ్యేసినోడికి రేవులో పరువుంటాదేట్రా?"

"నువ్వూ దానికేసేనా అమ్మా?" అన్నాడు ధనరాజు. అని, తల గోక్కున్నాడు. "సర్లే. రేపూ సీకటితోనే బండి తియ్యాలన్నమాట."

నీలవేణికి ఒళ్ళు తేలికైపోయింది. లేచి, నూతి దగ్గర చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుంది. పీట ముందు గిన్నెలో నెత్తళ్ళు ఇంకా సగానికి సగం అలాగే ఉన్నాయి. దాన్ని తల్లీకొడుకుల మధ్యకి జరిపింది.

"ఇవి మాత్రం మీ ఇద్దరూ పాళ్ళేసుకోండి," అంది.