అటకెక్కిన ఇరవై ఆరు కాగితాలు

ఆ వేసవి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: పాత కార్ల విడిభాగాల దుకాణం ఒకటి, అందులో గోడకు ఆనించిన నలభై ఒక్క తలుపులు, అటక నిండా హెడ్‌లైట్లు, పన్నెండో తరగతి పూర్తిచేసిన ఒక్కగానొక్క కూతురు, ఆమె పైచదువు గురించి, ఎవరూ అడగకపోయినా నా దగ్గర సిద్ధంగా ఉన్న అభిప్రాయం.

కొత్త కార్లకు రూపం గీసే పనిలోకి వెళతానంది అమ్మాయి. దానికి రెండు దారులు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఆ పైన రెండేళ్లు డిజైన్ చదవడం ఒకటి. నేరుగా డిజైన్ కాలేజీలో నాలుగేళ్లు చదవడం రెండోది. దీనికి మార్కులు చాలవు, గీసిన బొమ్మల ఫైలు పట్టుకుని ముగ్గురు మాస్టార్ల ముందు కూర్చోవాలి. నేను ఇంజినీరింగ్ పక్షం. కార్ల కంపెనీ వద్దంటే పంపుల కంపెనీ తీసుకుంటుంది. ఒకే గిరాకీని నమ్ముకుని సరుకు దించేవాడు వ్యాపారి కాడు.

మా దుకాణానికి ఎదురుగా డెంటింగ్ షెడ్డు ఉంది. సొట్టలు తీసే మేస్త్రీది. పదిహేనేళ్లుగా నేను తలుపులమ్మితే అతను బిగిస్తాడు. అమ్మాయి సాయంత్రాలన్నీ అక్కడే గడిపేది. అతను చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని, రేకు మీద అరచేయి నడిపిస్తాడు. కంటికి ఆనని పల్లం చేతికి తెలుస్తుందట. ఆమె చేతా అలాగే చేయించేవాడు. ఆమె ఏ బొమ్మ గీసినా ముందు అతనికే చూపించేది. అతను మసి బొటనవేలు కాగితం మీద పెట్టి, "ఇక్కడ వెలుతురు విరుగుతుందమ్మా" అనేవాడు. ఆమె చెరిపి మళ్లీ గీసేది. నేను గల్లా దగ్గర కూర్చుని ఇదంతా చూసేవాణ్ణి. నా కూతురు నా మాటకు ఒక్క గీతైనా చెరిపిందా అని ఆలోచిస్తూ, గిరాకీకి ఎడమ తలుపు అడిగితే కుడి తలుపు తీసిచ్చిన రోజులున్నాయి.

ఒక పూట భోజనాల దగ్గర లెక్కపెట్టాను. అమ్మాయి మాటల్లో 'మేస్త్రీ బాబాయ్' పదకొండుసార్లు వచ్చాడు. 'నాన్న' రెండుసార్లు. రెండూ మంచినీళ్ల జగ్గు కోసమే.

"ఇంజినీరింగ్ వద్దని కూడా మీ బాబాయే చెప్పాడా?" అన్నాను.

"వద్దనలేదు. బండి లోపల ఏముందో తెలుసుకోవాలనుందా, పైన ఎలా ఉండాలో తేల్చాలనుందా అని అడిగాడు."

"ఆపాటి నేను అడగలేదా?"

"నువ్వు అడగలేదు నాన్నా. చెప్పావు."

"పెరటి చెట్టు మందుకు పనికిరాదులెండి, బాధపడకండి" అంది నా భార్య, నవ్వు దాచుకోకుండానే.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. డిజైన్ కాలేజీకి ఒక్కసారి ప్రయత్నం. సీటు రాకపోతే మారుమాట లేకుండా ఇంజినీరింగ్.

బైండింగ్ చేసేవాడు నా దారిలోనే ఉన్నాడని అమ్మాయి కాగితాల కట్ట నాకిచ్చింది. విప్పి చూశాను. మొత్తం నలభై నాలుగు. పద్దెనిమిది రంగులు వేసినవి, అద్దాల్లా ఉన్నాయి. తక్కిన ఇరవై ఆరూ చెరుపులు, కొట్టివేతలు, మసి వేలిముద్రలు. తుప్పు పట్టిన సరుకు దుకాణం ముందు ఎవడు పెడతాడు? పద్దెనిమిదే బైండింగుకిచ్చి, ఇరవై ఆరూ అటక మీద హెడ్‌లైట్ల పెట్టెలో పడేశాను. వ్యాపార సూత్రం ప్రకారమే చేశాననుకున్నాను. ఒక్కో వేలిముద్ర కనబడినప్పుడల్లా కడుపు మండిన మాటా నిజమే.

బైండింగ్ పూర్తయిన ఫైలును ఆమె తెరవలేదు. "చూస్తే మళ్లీ దిద్దబుద్ధేస్తుంది" అని కవరుతోనే కాలేజీకి తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లి బయట కూర్చున్నాను.

లోపలికి వెళ్లిన పది నిమిషాలకే బయటికొచ్చింది.

"నాన్నా, చిత్తు కాగితాలేవి?"

"అవెందుకు?"

"వాళ్లకు కావాల్సింది అవేనట. ఇలాంటి పద్దెనిమిది బొమ్మలు డబ్బిస్తే ఎవరైనా గీసిస్తారన్నారు. ఎక్కడ తప్పు గీశానో, ఎలా దిద్దుకున్నానో చూడాలట. నాలుగింటిలోగా తెస్తే మళ్లీ పిలుస్తామన్నారు. బైండింగ్ వాడి దగ్గర ఉండిపోయాయా?"

అబద్ధాన్ని తనే కట్టి నా చేతికిచ్చింది. ఒక్కసారి తలూపితే ఇంజినీరింగ్ బేరం కుదిరిపోతుంది. నా జీవితంలో అంత చవక బేరం రాలేదు. ఆమె బెంచీ మీద కూర్చుంది. తనకు తెలియకుండానే దాని అంచు మీద అరచేయి నడిపిస్తోంది, కళ్లు మూసుకుని.

"నేనే తీసేశానమ్మా. అటక మీదున్నాయి" అన్నాను.

ఆమె కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. "మన దుకాణం రెండో తాళంచెవి బాబాయ్ దగ్గరుందిగా. నువ్వే ఫోన్ చెయ్" అంది.

చేశాను. ఏమి తెమ్మని చెప్పాలో, అవి అటక మీదికి ఎందుకెళ్లాయో చెప్పకుండా ఎలా చెప్పాలో తెలియక రెండుసార్లు తడబడ్డాను. మూడుంపావుకు మేస్త్రీ కట్టతో వచ్చాడు. అమ్మాయి అందుకుని లోపలికి పరిగెత్తబోతే, "ఒక్క నిమిషమమ్మా" అని అందులోంచి ఒక కాగితం లాగాడు.

"మంచి సరుకు అటకెక్కించారేంటన్నా? ఇదైనా చూశారా?"

నా దుకాణం గోడ. నలభై ఒక్క తలుపులు వరసగా. ఒక్కోదాని కింద చిన్న అక్షరాలు. 'అంచు గీత పల్చన, మొదటి దెబ్బకే వంగుతుంది: నాన్న.' 'చూడ్డానికి మామూలే, పదేళ్లయినా పాతబడదు: నాన్న.' నేను గిరాకీలకు చెప్పే మాటలన్నీ రాసుకుంది. మూలన మసి వేలిముద్ర ఉందని చదవకుండా పడేశాను.

"దీంట్లో నేను నేర్పింది ఒక్క ముక్క లేదు" అన్నాడు మేస్త్రీ. "షెడ్డులో అంటించుకుంటాను ఇమ్మని అడిగితే అమ్మాయి ఆర్నెల్లుగా ఇవ్వట్లేదు. నా వేలిముద్ర దాన్ని లాక్కోబోతే పడిందే. నాకూ మీ మీద కుళ్లే అన్నా, ఏమనుకున్నారు?"

ఈసారి ఆమెను నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. మూడు వారాలకు సీటొచ్చినట్టు ఉత్తరం వచ్చింది.

ఇక చివరి లెక్క. ఇంజినీరింగ్ వాదన పోయింది. సీటొచ్చింది. తలుపుల కాగితం నా గల్లా వెనక గోడ మీదికొచ్చింది. మేస్త్రీ వచ్చినప్పుడల్లా దానివైపు చూస్తాడు, నేను ఇవ్వను. అమ్మాయి ఆదివారాలు హాస్టల్ నుంచి ఫోన్ చేస్తుంది, ముందు అతనికి, తర్వాత నాకు. అతను ఎంతసేపు మాట్లాడుతున్నాడో ఎదురుగా కూర్చున్న నాకు కనబడుతూనే ఉంటుంది. పోయిన వారం అతనికి పన్నెండు నిమిషాలు, నాకు పద్నాలుగు.