పడమటి గోడ మీద పడవ

ప్రార్థన మందిరం పడమటి గోడ మీద ప్రభువు ముక్కు కుదరడానికి పెయింటరుకు రెండు రోజులు పట్టింది. సముద్రం మొత్తానికి ఒక్క రోజే. మందిరం గేట్లకు వేయగా మిగిలిన నీలం ఎనామిల్ రెండు డబ్బాలు ఉంటే, వాటితోనే పెద్ద కుంచె పట్టుకుని అలలు లాగేశాడు. పడవకు తలుపుల గోధుమరంగు సరిపోయింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ డబ్బాలు పక్కకు నెట్టాడు. ఎనామిల్‌తో ముఖం వేస్తే చెమట పట్టినట్టు మెరుస్తుంది. తుఫానును గద్దించేవాడికి చెమట పట్టకూడదు. అందుకని ఒంటికీ, అంగీకీ పొడి రంగులు తీసుకుని, జిగురునీళ్ళలో కలిపి, తన గురువు నేర్పినట్టు పొర మీద పొర వేశాడు. అవి గట్టిపడాలంటే నాలుగు రోజుల ఎండ కావాలి. ఆపైన వార్నిష్ పూస్తే ఇక రాయితో సమానం. అప్పటిదాకా తడి చెయ్యి తగిలినా ఊడివస్తాయి.

మంగళవారం సాయంత్రానికి బొమ్మ నిలబడింది. పడవ మధ్యలో, కుడిచెయ్యి పైకెత్తి, ఒక్కడే. మిగతా పన్నెండుమంది శిష్యులను వచ్చేవారం వేయవచ్చు. నిజానికి పెయింటరుకు ఆయన్ను దిండు మీద తలపెట్టి నిద్రపోతున్నట్టు వేయాలని ఉండేది. చుట్టూ అంత తుఫాను పెట్టుకుని నిద్రపోగలిగేవాడి కంటే గొప్పవాడు ఎవరుంటారు? కానీ పాస్టరు ఒప్పుకోలేదు.

"నిద్రపోయే దేవుణ్ణి గోడ మీద పెడితే ఇంకేమైనా ఉందా? నేను వాక్యం చెబుతుంటే ఇప్పటికే సగం సంఘం కునుకు తీస్తోంది. లేపు, లేపి నిలబెట్టు" అన్నాడు.

పాస్టరు పెయింటరుకు స్వయానా బావ. ఈ గోడ ఇప్పించింది అక్క. ఫ్లెక్సీలు వచ్చాక ఊళ్ళో గోడకు కుంచె తగలడం మానేసి నాలుగేళ్ళయింది. ఏడాదిగా అతనికి దొరికిన పనల్లా కిటికీ ఊచలూ, నీళ్ళ ట్యాంకుల మీద అంకెలూ. అక్క చూసి చూసి ఒక గిడ్డంగిలో కాపలా ఉద్యోగం మాట్లాడి పెట్టింది. సోమవారం చేరాలి. ఈలోగా ఆదివారం పక్క ఊరి సంఘం వాళ్ళు ఈ గోడ చూడటానికి వస్తున్నారు. వాళ్ళకూ కొత్త మందిరం ఉంది, ఖాళీ గోడ ఉంది. వాళ్ళకు నచ్చితే అతను పెయింటరు. నచ్చకపోతే కాపలావాడు.

"రెండూ గోడ దగ్గర పనేగా! ఒకటి నిలబడి చేస్తావు, ఇంకోటి కూర్చుని చేస్తావు" అంది అక్క, తమ్ముణ్ణి నవ్విద్దామని. అతను నవ్వలేదు.

ఆ మంగళవారమే ప్రార్థన అయ్యాక పాస్టరు ప్రకటించాడు. చేలు నెర్రెలు విచ్చాయి, బావుల్లో బురద తేలింది, కనుక బుధవారం నుంచి మూడు రోజులు వాన కోసం ఉపవాస ప్రార్థన.

నిచ్చెన దిగుతున్న పెయింటరు చివరి మెట్టు చూసుకోలేదు. కాలు మడత పడింది. కుంటుకుంటూనే బావ దగ్గరికి వెళ్ళాడు.

"బావా, ఆ ప్రార్థన సోమవారం పెట్టుకోకూడదూ?"

"సోమవారం దాకా చేలు ఆగుతాయటరా?"

"ఇన్నాళ్ళు ఆగినవి ఇంకో అయిదు రోజులు ఆగవా? రంగు ఆరాలి బావా."

"నువ్వు గోడ మీద ఎవరి బొమ్మ వేశావు? గాలీ నీళ్ళూ ఎవరి మాట వింటాయో ఆయన బొమ్మ. మంచు ఎక్కడ దాచాలో, మెరుపు ఎటు పంపాలో, వాన చుక్క ఏ చేలో పడాలో అన్నీ ఆయన చేతిలోవే అని గ్రంథంలో ఉంది. అంతటివాడు తన బొమ్మ తాను కాపాడుకోలేడా?"

"కాపాడుకుంటాడు, కాదన్నానా? కానీ గోడకు కప్పే పట్టా ఆయన కట్టడుగా, నేనేగా కట్టాలి!"

"కట్టు, ఎవరొద్దన్నారు?"

వద్దన్నది రంగులే. పట్టా కప్పితే ఎండ తగలదు, ఎండ తగలకపోతే ఆరదు. అందుకని పెయింటరు పట్టాను తాళ్ళతో సహా గోడ పక్కన చుట్టి పెట్టుకుని, నిచ్చెన కింద కూర్చుని ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు.

బుధవారం జనం వచ్చారు. ఇంటి ముందు బట్టలు ఆరేసి వచ్చినవాళ్ళు, పరుపులు ఎండలో పడేసి వచ్చినవాళ్ళు, గడ్డివాము మీద కప్పు తీసేసి వచ్చిన సంఘపెద్ద. సంఘపెద్ద లోపలికి వెళుతూ పట్టా చుట్టను చూసి ఆగాడు.

"ఏమయ్యా పెయింటరూ, అది ఎందుకు?"

"వాన వస్తే కప్పడానికండీ."

"చూశారా పాస్టరుగారూ! మూడు రోజులు మోకాళ్ళ మీద ఉండేది మనం, వాన వస్తుందని నమ్మకం ఉన్నది మీ బామ్మర్దికి!" అని పెద్దగా నవ్వుతూ లోపలికి పోయాడు.

పెయింటరుకు ప్రార్థన పెద్దగా అలవాటు లేదు. బావ పాస్టరు కనుక ఆ బాధ్యత ఆయనది అని ఊరుకున్నాడు ఇన్నేళ్ళూ. ఇప్పుడు లోపల ఎనభైమంది ఒక్క గొంతుతో వాన అడుగుతుంటే, బయట ఉన్న తాను కూడా ఏదో ఒకటి అనకపోతే బాగోదనిపించింది. గోడ వైపు తిరిగి, బొమ్మతోనే, గొంతు తగ్గించి చెప్పుకున్నాడు.

"నాలుగు రోజులు ఆగు సామీ. వద్దనడం లేదు, ఆగమంటున్నాను. లోపలివాళ్ళు ఎనభైమంది, నేనొక్కణ్ణి, నిజమే. కానీ ముక్కు ఎంత బాగా వచ్చిందో నువ్వూ చూశావుగా."

బుధవారం చుక్క పడలేదు. గురువారం గాలి కూడా ఆడలేదు. లోపలివాళ్ళ గొంతులు తగ్గుతున్నకొద్దీ పెయింటరుకు ధైర్యం పెరిగింది. గురువారం సాయంత్రం వేలి చివరతో అంగీ అంచు తాకి చూశాడు. పైపొర ఆరింది. ఇంకో రెండు రోజులు. తన ఒక్కడి మాట ఎనభైమంది మాట కంటే బలంగా ఉన్నట్టుంది. ఆ సంగతి తలచుకుని కొంచెం గర్వపడ్డాడు, చేలు తలచుకుని కొంచెం సిగ్గుపడ్డాడు, రాత్రి హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది.

మొదట ఎవరో చెత్త తగలబెట్టిన పొగ అనుకున్నాడు. పొగ అయితే అంత తొందరగా నడవదు. అతను పట్టా విప్పేలోగా అది సగం ఆకాశం మింగేసింది. ఒక మూల మేకుకు కట్టి, రెండో మూల పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. గాలి ఆ పట్టాను తెరచాపలా ఊది, అతన్నీ నిచ్చెననూ కలిపి ఊపింది.

"అక్కా! అక్కోయ్!"

అక్క చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి కింది అంచు పట్టుకుంది. "గట్టిగా లాగరా!" అని అరిచింది. లాగాడు. మేకు ఊడివచ్చింది. పట్టా ఇద్దరి చేతుల్లోంచీ జారి, గోడ దాటి, ఎటో ఎగిరిపోయింది.

వాన సూటిగా పడమటి గోడనే కొట్టింది.

లోపల మొదటి చినుకు చప్పుడుకే జనం లేచి నిలబడ్డారు. "స్తోత్రం!" అన్నారు. "ఇంకా ప్రభువా, ఇంకా!" అని పాస్టరు గొంతు గోడ అవతలి నుంచి వినబడుతోంది. ఒక్కో 'ఇంకా'కూ వాన ఒక మెట్టు పెరిగింది.

"చాలు! చాలు సామీ!" అని ఇవతల పెయింటరు అరుస్తున్నాడు.

ముందు ఎత్తిన చెయ్యి పోయింది. వేళ్ళు వేళ్ళుగా కారి, మోచేతి దాకా దిగి, సముద్రంలో కలిసింది. తరువాత అంగీ. ముఖమైనా దక్కించుకుందామని పెయింటరు చొక్కా విప్పి దానికి అడ్డంగా పెట్టి, రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో అతనికే తెలియదు. వాన తగ్గి, చొక్కా తీసి చూస్తే ముఖం చొక్కాకు అంటి వచ్చేసింది. గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది. వానకే వదిలేసి ఉంటే ఒక కన్నయినా మిగిలేదేమో.

అక్క తడికొంగు పిండి అతని తల తుడిచింది. చాలాసేపు తుడిచింది.

జనం బయటికి వచ్చారు. కొందరు ఆరేసిన బట్టల కోసం పరిగెత్తారు. సంఘపెద్ద గడ్డివాము గుర్తొచ్చి, స్తోత్రం మధ్యలో ఆపి, పంచె ఎగగట్టి పరుగందుకున్నాడు. మిగిలినవాళ్ళు గోడ చూసి ఆగిపోయారు. ఎనామిల్ సముద్రం కడిగిన గేటులా తళతళలాడుతోంది. అలలు అలాగే లేచి ఉన్నాయి. వాటి మధ్య పడవ. పడవలో ఎవరూ లేరు.

పాస్టరు నోరు తెరిచి, మూసి, గడ్డం గోక్కున్నాడు. అప్పుడు ముందువరస మామ్మ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. ఏ కూటమైనా ముందు వరసలో తప్ప కూర్చోదు కనుక ఆమెకు ఆ పేరు. గోడను పైనుంచి కిందిదాకా చూసి, తల ఊపింది.

"పిలిచారుగా మూడు రోజుల నుంచీ! దిగి వచ్చాడు. వానొకచోట, ఆయనొకచోట ఉంటారా?"

అంతే. ఒక ఆడమనిషి ఏడ్చింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆదివారానికి ముందే ఆ మాట పక్క ఊరికి చేరిపోయింది. గోడ చూడటానికి ఇద్దరు వస్తారనుకుంటే ఇరవైమంది వచ్చారు.

మళ్ళీ బొమ్మ వేస్తానని పెయింటరు శనివారమే కుంచెలు కడుక్కున్నాడు. సంఘపెద్ద గేటు దగ్గరే ఆపేశాడు. "దేవుడు చెరిపినదాన్ని నువ్వు దిద్దుతావా? ఎంత ధైర్యమయ్యా నీకు!" గడ్డివాము తడిసిందన్న మంట కూడా ఆ గొంతులో ఉంది.

పెయింటరు బావను పక్కకు లాగాడు. "బావా, అది పొడి రంగు. తడిస్తే పోతుంది. నీకు తెలుసుగా."

"తెలుసురా. వాన పంపింది ఎవరు?"

"ఆయనే."

"గాలిని పడమట నుంచి తిప్పింది ఎవరు?"

"ఆయనే అనుకో."

"ఎనామిల్ నీ చేతిలో ఉండగా పొడి రంగు వేయించింది ఎవరు?"

"నా పొగరు బావా. అదొక్కటి మాత్రం నాది. అదైనా నాకు వదిలెయ్యి."

పాస్టరు ఆ మాటకు నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు. "బాగా వచ్చిందిరా ఆ ముఖం. నేను చూశాను. చెబుదామనుకుని మరిచాను" అన్నాడు నెమ్మదిగా.

పక్క ఊరి సంఘం వాళ్ళు పని ఇచ్చారు. సోమవారం అక్క గిడ్డంగివాళ్ళకు తమ్ముడు రాడని కబురు చెప్పి, అతని డబ్బాలు తానే సంచిలో సర్దింది. ఆ సంఘం వాళ్ళు అడిగింది ఒక్కటే. "అచ్చం అలాగే కావాలి. సముద్రం, పడవ. పడవలో ఎవరూ ఉండకూడదు." ఇంత తేలిక పని జీవితంలో రాలేదు. ముక్కు లేదు, చెయ్యి లేదు. ఒకటిన్నర రోజులో అయిపోయింది.

అయిపోయాక దూరం వెళ్ళి చూసుకున్నాడు. ఒడ్డున అమ్మకానికి పెట్టిన పడవలా ఉంది. తుఫాను ఉంది కానీ దానికి భయపడేవాడు లేడు, దాన్ని ఆపేవాడూ లేడు. ఎవరూ ఎక్కని పడవ వేరు, ఒకరు దిగిపోయిన పడవ వేరు. పెయింటరు కాసేపు కూర్చున్నాడు. తరువాత పొడి రంగులు తీసి జిగురునీళ్ళు కలిపాడు.

మూడు రోజులు వేశాడు. ఈసారి ముక్కు ఒక పూటలో వచ్చింది. శనివారం పొద్దున ఆ ఊరి సంఘపెద్ద వచ్చి గోడ చూసి ఉలిక్కిపడ్డాడు. పెయింటరు పక్కన నిండు బకెట్టు ఉంది.

"ఇదేంటయ్యా! ఖాళీ పడవ కదా అన్నాం?"

"ఖాళీ చేద్దామనే బాబాయ్, నీళ్ళు తెచ్చుకున్నాను. గంట నుంచి ఎత్తుతున్నాను, దించుతున్నాను. నా చేత కావడం లేదు."

"మరి ఎలా?"

"వాన వస్తే అదే అవుతుంది."

"ఎప్పుడొస్తుంది?"

"అది నా చేతిలో పనా బాబాయ్? నాది గోడ వరకే."

ఆయన ఇంకేదో గట్టిగా అనబోయాడు. కానీ కళ్ళు గోడ మీదికి పోయాయి. ఎత్తిన చెయ్యి చూశాడు. ముఖం చూశాడు. ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ చూశాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"మా ఆవిడ చూడాలి దీన్ని" అన్నాడు చివరికి. "ఇప్పుడే తీసుకొస్తా. నేను వచ్చేదాకా వాన రాకుండా ప్రార్థన చెయ్యి."

ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. అయినా ఆయన తల పైకెత్తి ఒకసారి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంటి వైపు పరుగు తీశాడు.