బురద టైర్లు

నిరుడు బురద పందెంలో ఆమె తమ్ముడి జీపును మేనబావ తన జీపుతో గుద్ది, గోతిలోకి తోసేశాడు. తమ్ముడి కాలు విరిగినా పలకరించడానికైనా రాలేదు. ఈసారి పందేనికి ఆమే దిగింది.

టైర్ల కొట్టాయన ముందే చెప్పాడు. "ఈ బురద టైర్లు రోడ్డు మీద ఒకటే మోత పెడతాయమ్మా. తొందరగా అరిగిపోతాయి కూడా."

"అరిగితే అరగనీ. బురదలో ఆగిపోవు కదా?"

"గాడులు ఎంత వెడల్పున్నాయో చూడండి. మట్టి నిలవదు."

ఆమె వేళ్లు పెట్టి చూసి, నాలుగూ బిగించమంది.

పందెంలో చివరి మడుగు దగ్గర బావ జీపు ఇరుసు దాకా దిగబడింది. అతని టైర్లు మట్టి పూసుకుని ఉన్నచోటే తిరుగుతున్నాయి.

"మరదలా, కాస్త తాడు వెయ్యవే," అన్నాడు.

ఆమె పక్కనే ఆపింది. "తమ్ముడి కాలెలా ఉందని ఒక్కసారైనా అడిగావా బావా?"

ఆమె కావాలనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. చిమ్మిన బురద అతని మొహాన్ని కప్పేసింది. గెలిచిన కప్పుకన్నా ఆ మొహమే ఆమెకు ఎక్కువ తృప్తినిచ్చింది.