నా పేరు కింద నర్సింహ

ముప్పై ఏళ్ళు మనుషుల్ని నిద్రపుచ్చి బతికాను. ఆపరేషన్ బల్ల దగ్గర మత్తు ఇచ్చే డాక్టర్ని. రిటైరయ్యాక ఆ నిద్రంతా వచ్చి నా మీద పడింది. కెనడాలో, గ్వెల్ఫ్ ఊళ్ళో ఇల్లు కట్టుకుని దిగిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం అన్నం తినగానే కళ్ళు మూతలు పడేవి. సోఫాలో వాలగానే గోడలు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుండేది. దేవుడి గదిలోంచి టక్ టక్‌మని రబ్బరు సుత్తి చప్పుడు వినిపించేది. లేచి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. తెల్లటి టైల్స్ మీద అక్టోబరు ఎండ పరుచుకుని ఉండేది, అంతే.

"నీకు నువ్వే మత్తు ఇచ్చుకుంటున్నావు భ్రమరాంబా," అనేవారు మా ఆయన కేశవరావు. యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆయన లెక్క ప్రకారం చప్పుడుంటే సుత్తి ఉండాలి, సుత్తి ఉంటే మనిషి ఉండాలి.

ఒక గురువారం ఆ మనిషే వచ్చాడు. బెల్లు మోగితే సగం నిద్రలోనే తలుపు తీశాను. వీధంతా పొగమంచు. గుమ్మంలో నర్సింహ, చేతిలో అరటిపళ్ళు.

నర్సింహది నల్గొండ వైపు. స్టూడెంట్స్ ఎన్ని గంటలైనా పని చేసుకోవచ్చని పరిమితి ఎత్తేసిన ఏడాది అది. ఏ బస్సెక్కినా మన పిల్లలే, ఏ షాపులో చూసినా మన తెలుగే. ఇతను కాలేజీలో చదువుకుంటూ వేసవంతా మా కాంట్రాక్టరు కింద టైల్స్ వేశాడు. మా వంటిల్లు, దేవుడి గది అతని చేతివే. గృహప్రవేశం నాడు మా ఇంట్లో భోజనం కూడా చేశాడు.

పళ్ళు నా చేతిలో పెట్టి, నిలబడే అడిగాడు.

"ఆంటీ, మీ ఇంటి మీద లీన్ వేసుకోవచ్చా?"

కరివేపాకు రెబ్బ అడిగినట్టు అడిగాడు. నాకు సగం మత్తు దిగింది. లోపల కూర్చోబెట్టి సంగతంతా చెప్పించాను. కాంట్రాక్టరు దుకాణం ఎత్తేశాడు. ఫోన్ తీయడు, ఆఫీసుకు తాళం. నర్సింహకి వేసవి కూలి ఒక్క డాలరు కూడా రాలేదు. నెలాఖరుకి ఫీజు కట్టకపోతే సీటు పోతుంది, సీటుతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్ పోతుంది. పిల్లల కేసులు ఉచితంగా చూసే లాయరమ్మ ఒకావిడ దారి చెప్పిందట. ఈ ఇంటి పనికి తనకి బాకీ ఉందని భూమి రికార్డులో రాయించుకోవచ్చు, దాన్నే లీన్ అంటారు. అది తీరేదాకా ఇంటివాళ్ళు ఇల్లు అమ్మలేరు. అలా రాయించుకునే గడువు రేపటితో సరి. ముందు మమ్మల్ని అడగమని మాత్రం ఆవిడ చెప్పలేదు. అది ఇతని సొంత తెలివి.

మా ఆయన కుర్చీలోంచి లేచారు.

"గృహప్రవేశం నాడే మీ కాంట్రాక్టరుకి అణా పైసలతో సహా ఇచ్చేశానయ్యా! పళ్ళెంలో కొత్త బట్టలు పెట్టి మరీ ఇచ్చాను!"

నిజమే, ఇచ్చారు. మేస్త్రీకి బాకీ ఉంచుకుని కొత్తింట్లో పాలు పొంగించడం మా రెండు వైపులా లేదు. అయినా అనుమానం తీరక, స్థలం కొన్నప్పటి లాయరుకి ఫోన్ చేశాం. పని పూర్తయ్యాక కూడా రెండు నెలలు పదోవంతు సొమ్ము ఆపి ఉంచాలట, కూలి అందనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం. "అంత తొందరపడి మొత్తం ఎందుకిచ్చేశారు?" అందావిడ.

"పాలు పొంగించాలి కదా," అన్నారు మా ఆయన ఇంగ్లీషులో.

నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టిల్లు నాన్నగారిది, తర్వాత హాస్పిటల్ క్వార్టర్సు, ఆ తర్వాతన్నీ అద్దె ఇళ్ళు. భూమి మీద నా ఒక్కదాని పేరున ఉన్నది ఈ ఇల్లొక్కటే. దాని కింద ఇంకొకరి పేరు, అదీ బాకీ అని.

"నేను వద్దంటే ఏం చేస్తావు?" అన్నాను.

"వెయ్య ఆంటీ. మీ ఇంట్ల తిన్న."

ఆ మాటకి ఇంకా మండింది. విసవిసా లోపలికి వెళ్ళి చెక్కు రాసి తెచ్చాను. నర్సింహ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అంకుల్ ఒక్కసారి కట్టిండ్రు గద. మల్ల మీరిస్తే అది దానం అయితది. నేను పని చేసిన ఆంటీ."

లీన్ వేయడట, చెక్కు తీసుకోడట! ఈ అరటిపళ్ళు ఇవ్వడానికేనా మరి వచ్చింది? తిట్టుకుంటూ టీ పెట్టుకొచ్చేసరికి కుర్చీలోనే నిద్రపోయాడు. రాత్రుళ్ళు వేర్‌హౌస్‌లో పని అని తర్వాత తెలిసింది. నిద్ర ఎంత లోతో ఊపిరి చూసి చెప్పగలను నేను. అడుగు తాకిన నిద్ర అది. కుర్చీ చేతి మీద వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి, టక్ టక్‌మని. పెదవులు కదిలాయి.

"జర జరుగన్నా... పొద్దుగాల్నే లేచి పోత..."

మత్తులోకి జారేవాళ్ళు ఎన్నో చెప్పగా విన్నాను. ప్రేమలు, కోపాలు, లాకరు నెంబర్లు. పడుకోవడానికి చోటు అడిగినవాడిని ఇతన్నే చూశాను. నా గుండె చెరువైపోయింది.

లేచాక అడిగితే చెప్పాడు. బేస్‌మెంట్‌లో ఉంటాడు. లీజులో పేరు లేదు. ఓనరు వచ్చినప్పుడల్లా బ్యాగు తీసుకుని లైబ్రరీకి వెళ్ళిపోతాడు.

అతను టీ తాగుతుంటే నేను గోడల వైపు చూస్తూ కూర్చున్నాను. కళ్ళు వాలిపోతున్నాయి. చెక్కలు బిగించినవాళ్ళు, కప్పు వేసినవాళ్ళు, కరెంటు తీగలు లాగినవాళ్ళు, అందరూ ఇంకా ఇక్కడే, ఈ గోడల్లోనే ఒత్తిగిలి పడుకున్నట్టు అనిపించింది. నా ఒక్కదాని ఇల్లు అని ఎలా అనుకున్నానో నాకే అర్థం కాలేదు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్. మీ లాయరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను," అన్నాను.

"సొంత ఇంటి మీద దగ్గరుండి బాకీ రాయించుకునే మనిషిని నిన్నే చూస్తున్నా," అన్నారు మా ఆయన. అని, నర్సింహ చేతిలో ఖాళీ కప్పు తనే తీసుకుని లోపలికి వెళ్ళారు.

పొద్దున కూడా పొగమంచు తగ్గలేదు. నది మీద వంతెన సగం కనిపించి సగం లేదు. కారు మబ్బులో పోతున్నట్టే ఉంది. రిజిస్ట్రారాఫీసు, బల్లలు, స్టాంపుల వాసన, ఏదో ఊహించుకున్నాను. అలాంటిదేమీ లేదు. లాయరమ్మ గదిలో ఒక కంప్యూటరు. భూములన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయట.

"మీరెవరు?" అందావిడ నన్ను చూసి.

"ఆ ఇంటి ఓనర్ని."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. తర్వాత పనిలో పడింది. కాసేపటికి స్క్రీన్ మా వైపు తిప్పింది. మా స్థలం వివరం. ఓనరుగా నా పేరు. కింద, పల్లెర్ల నర్సింహ.

నర్సింహ ముందుకు వంగి చదివాడు. చదవడానికి రెండు మాటలే ఉన్నా చాలాసేపు చదివాడు.

నేను బ్యాగులోంచి చెక్కు తీశాను. "ఇప్పుడిది దానం కాదు. మీ అంకుల్ ఆపి ఉంచాల్సిన సొమ్మే ఇది. నీ కూలి నీకు ఇస్తున్నాను, తీసుకో."

లాయరమ్మ సంతోషించింది. సొమ్ము ముట్టిందని నర్సింహ సంతకం చేస్తే ఆ పేరు ఇప్పుడే తీసేయవచ్చు, అయిదు నిమిషాల పని అంది.

"తీసేస్తరా?" అన్నాడు నర్సింహ. చెయ్యి చెక్కు దాకా వచ్చి ఆగింది. స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఆంటీ, చెక్కు రేపియ్యిండ్రి. ఇయ్యాల ఒక్క రాత్రి ఉండనియ్యిండ్రి."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"రేపు శనివారంరా," అన్నాను చెక్కు బ్యాగులో పెట్టేసుకుంటూ. "రేపూ ఎల్లుండీ వీళ్ళు తెరవరు. సోమవారం రా."