ఎనిమిది గంటల ప్రయాణం

రెండు ఊళ్ల పేర్లు కొడితే మధ్యలో విమానానికి ఎంత దూరమో, ఎన్ని గంటలు పడుతుందో చెప్పే వెబ్ పేజీ ఒకటుంది. దాన్ని తయారుచేసింది గచ్చిబౌలిలో పనిచేసే ప్రవీణే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాదుకి ఎనిమిది గంటలని తన పేజీలోనే చూసి, తమ్ముడికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మకి గొప్పగా చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది!

తమ్ముడు చిన్నుకి రక్త క్యాన్సర్. జర్మనీలో ఎవరో మహానుభావుడు ఇచ్చిన మూలకణాలు వస్తున్నాయి. వాటి కోసమని వాడి ఎముకల్లోని మూలుగ మొత్తాన్నీ మందులతో ఖాళీ చేసేశారు. ఇక అవి రావాల్సిందే. తీసిన డెబ్బై రెండు గంటల్లోపు ఒంట్లోకి ఎక్కించాలి. "మంగళవారం పొద్దుగాల తొమ్మిదింటికి తీసిండ్రు మేడం" అని ఆ కణాల పెట్టెని విమానంలో తెస్తున్న రాజేందర్ మెసేజ్ పెట్టాడు. అంటే శుక్రవారం తొమ్మిది వరకే గడువు. డాక్టరమ్మకీ ప్రవీణ అదే చెప్పింది. కాగితాల పనికే రెండు రోజులు పోయాయి. ఆఖరికి ఎక్కిన విమానం ప్రవీణ ఎనిమిది గంటల లెక్క ప్రకారం శుక్రవారం పొద్దున ఆరింటికి దిగాలి. ఆ లెక్క నమ్మే డాక్టరమ్మ సరేనంది.

ఆరైంది. దిగలేదు. దారిలో ఏదో దేశం తన ఆకాశం మీదుగా ఎవర్నీ రానివ్వడం లేదట, చుట్టూ తిరిగి వస్తోంది. ప్రవీణ పేజీకి ఆ గొడవలేం పట్టవు. తిన్నగా గీత గీసి, వేగంతో భాగించి ఊరుకుంటుంది.

"ఇంకా ఎంతసేపే?" ఆసుపత్రి వరండాలో తల్లి భ్రమరాంబ ఐదోసారి అడిగింది.

"వచ్చేస్తుందమ్మా."

ఎనిమిదిన్నర. తొమ్మిది. పది నిమిషాల తర్వాత ఫోన్ మోగింది.

"దిగిన మేడం. ఇగ వస్తున్న."

"ఇప్పుడొచ్చి ఏం లాభమండీ! తొమ్మిది దాటిపోయింది. నా తమ్ముణ్ణి నా చేతులతో నేనే..." మాట పూర్తికాక ఏడ్చేసింది.

"ఏ తొమ్మిది మేడం? పెట్టె మీద రాసింది జర్మనీ టైము. ఆడ ఇంకా ఆరు గూడ కాలే. మనకు పన్నెండున్నర దాక ఉంది. ఫికర్ చెయ్యకుండ్రి."

ప్రవీణ గబగబా కళ్లు తుడుచుకుంది. క్లయింటు ఏ దేశంలో ఉన్నా, రాసిన ప్రతి టైమూ మన టైమే అని వాళ్ల ఆఫీసులో ఏళ్లుగా కట్టుబాటు. ఆ అలవాటులో ఆ తొమ్మిదినీ మన తొమ్మిదే అనుకుంది. ఛీ, ఇంత చదువూ చదివి! పరుగెత్తుకెళ్లి డాక్టరమ్మకి చెప్పింది.

పదీ నలభైకి, గాజు తలుపు అవతల, చిన్ను మంచం పక్కన ఆ కణాల సంచీ వేలాడదీశారు. సన్నటి గొట్టంలోంచి ఎర్రగా మొదటి చుక్క జారింది.

"మొత్తం ఎక్కడానికి ఎంతసేపు పడుతుందే?" అంది భ్రమరాంబ.

ప్రవీణ లెక్క చెప్పబోయి ఆగిపోయింది.

"నాకు తెలీదమ్మా," అంది తల్లి చేయి పట్టుకుని. "కూర్చో, చూద్దాం."