ఎర్ర బిళ్ళ

పోలరాజు తొమ్మిదేళ్ళుగా ఒక మనిషి కోసం కాచుకుని ఉన్నాడు. అలాగని వెతికిందేమీ లేదు. జంషెడ్‌పూర్ పక్క మాంగోలో, వంతెన దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బళ్ళు బాగుచేసుకునేవాడికి, కలకత్తా వెళ్ళి పెద్ద ఉద్యోగస్తుల్ని గాలించే తీరిక ఎక్కడిది? రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషిని తనివితీరా ఒకసారి తిట్టుకునేవాడు, అంతే. అలాంటిది ఎనభైమూడు మే నెలలో, నిప్పులు చెరిగే ఎండలో, ఆ మనిషే తెల్ల అంబాసిడర్ కారును నలుగురు రిక్షావాళ్ళ చేత తోయించుకుంటూ షెడ్డు ముందుకు వచ్చాడు.

"తెలుగువాడివటగా, బతికించావు," అన్నాడు ముఖం తుడుచుకుంటూ. "ఇంజను తిరుగుతోంది, బండి మాత్రం కదలదు. ఈ ఊళ్ళో నాకు ఒక్క మనిషీ తెలీదు. అయిదింటికల్లా రాంచీలో ఉండాలి. మా చైర్మన్ అక్కడ దిగాడు. జనరల్ మేనేజరు ఎవరో ఇవాళే తేలుస్తాడు. నేను కనపడకపోతే రెండోవాడికి ఇచ్చేసి చక్కా పోతాడు."

"తమరి పేరేటి బాబూ?"

"సీతారామరావు."

అడగనక్కర్లేదు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, గొంతు మాత్రం అదే.

పోలరాజు అన్న సూర్యం, కలకత్తా దగ్గర ఒక రోలింగు మిల్లులో ఫిట్టరుగా ఉండేవాడు. యంత్రం కిందికి దూరే ముందు ఫిట్టరు తన నంబరు కొట్టిన ఎర్ర రేకు బిళ్ళను స్విచ్చికి కట్టాలి. అది వేలాడుతున్నంతసేపు స్విచ్చి జోలికి ఎవరూ పోకూడదు. కట్టిన చెయ్యే విప్పాలి. అదీ అక్కడి కట్టుబాటు. ఒకనాడు సూర్యం కింద ఉండగా యంత్రం తిరిగింది. విచారణలో షిఫ్టు ఇంజనీరు సీతారామరావు లేచి, "స్విచ్చికి బిళ్ళ లేదండి, కట్టడం మర్చిపోయాడు పాపం," అన్నాడు. మిల్లంతా వెతికినా బిళ్ళ దొరకలేదు. తప్పు చచ్చినవాడి మీదే పడింది.

ఆ 'పాపం' అన్న ముక్క, వెనక బెంచీలో కూర్చున్న పోలరాజు చెవిలో సీసం పోసినట్టయింది. వదిన తవిటమ్మను అతను జంషెడ్‌పూర్ తెచ్చేసుకున్నాడు. ఆ ఊళ్ళోనే కద్మాలో ఉన్న చుట్టాలు ఆమె ఎదురుగానే, "బిళ్ళ కట్టుకోడం తెలీనోడి పెళ్ళాం" అనేవాళ్ళు. అంతకంటే సిగ్గుచేటు సంగతి మరొకటుంది. అన్న నిజంగానే మర్చిపోయాడేమోనని అప్పుడప్పుడు పోలరాజుకే అనిపించేది. సొంత అన్న మీద తనకు అనుమానం పుట్టించినందుకు సీతారామరావును మరింత అసహ్యించుకున్నాడు.

షెడ్డు పెట్టిన రోజునుంచి పోలరాజు కూడా ఏ బండి కిందికి దూరినా స్టీరింగుకు ఎర్ర బిళ్ళ కడతాడు. మొదట్లో ఆ షెడ్ల వరసలోని మెకానిక్ మిస్త్రీలు నవ్వారు. ఒకసారి పక్క షెడ్డు బల్బీర్ సింగు, బిళ్ళ ఉండగానే లారీ స్టార్టు చేయబోయి పోలరాజు చేత చెంప పగలగొట్టించుకున్నాడు. ఆ తర్వాత అందరూ బిళ్ళలు చేయించుకున్నారు. ఒకడు కట్టిన బిళ్ళ మీద మరొకడి చెయ్యి పడదు.

పోలరాజు కారు కిందికి తొంగి చూశాడు. బోల్టులు ఊడి, వెనక చక్రాలను తిప్పే షాఫ్టు వేలాడుతోంది. గంట పని. పక్కనే బ్రేకు గొట్టం కనిపించింది. ఒక్క మర వదులు చేస్తే చాలు, రాంచీ దారిలో ఘాటు రోడ్డు దిగేటప్పుడు మిగతా పని దేవుడే చూసుకుంటాడు. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. కానీ వీడు చస్తే నిజం కూడా వీడితోనే చస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

షెడ్డు వెనకే ఇల్లు. లోపలికి వెళ్ళి, "వదినా, ఆడొచ్చినాడు," అన్నాడు.

ఎవడని తవిటమ్మ అడగలేదు. చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చి, షెడ్డు నీడలో పీట వేసుకుంది.

"నువ్వేటీ అనకు. సూడు, అంతే," అన్నాడు పోలరాజు.

వెనక చక్రాలను ఇటుకల మీదికి ఎత్తి, షాఫ్టు బిగించి, ఒక్క బోల్టు ఉంచేశాడు. అప్పటికి ఒంటిగంటన్నర. సీతారామరావు పది నిమిషాలుగా గడియారం చూస్తూ గంతులేస్తున్నాడు.

"ఆకరి బోల్టు బాబూ. కిందకెల్తన్నాను," అంటూ పోలరాజు స్టీరింగుకు బిళ్ళ కట్టాడు. "బండి గేర్లో ఉంది. షాఫ్టు తిరిగిందంటే నా బుర్ర పగిలిపోద్ది. ఈ బిళ్ళ నానిప్పేదాకా తాళం ముట్టుకోకండి."

"సరేలేవయ్యా, త్వరగా కానియ్."

చెప్పులు చక్రం పక్కన విడిచి, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని కిందికి జారాడు. అవతలివైపు నుంచి చప్పుడు లేకుండా బయటికి పాకి, పాత టైర్ల గుట్ట వెనక కూర్చున్నాడు. వీడు బిళ్ళ ముట్టుకోకపోతే? అన్నే మర్చిపోయాడని ఇక నమ్మాల్సి వస్తుందేమోనని భయం వేసింది.

"అయిందా?" సీతారామరావు కేకేశాడు. జవాబు లేదు. "ఏమోయ్, నిన్నే." జవాబు లేదు. గడియారం చూసుకున్నాడు. చెప్పులు దాటి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. ముడి విప్పి బిళ్ళను తీశాడు, చొక్కా జేబులో వేసుకున్నాడు, తాళం తిప్పాడు.

ఇంజను గర్జించింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. అంతా తెలిసిన తవిటమ్మ చేతిలోంచి కూడా పళ్ళెం జారిపడింది.

పోలరాజు వచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజను ఆపాడు. సీతారామరావు ఉలిక్కిపడ్డాడు.

"బిళ్ళేదీ బాబూ?"

సీతారామరావు చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. "పిలిచానుగా, నువ్వు పలకలేదు. అయిపోయిందనుకున్నాను."

తవిటమ్మ లేచి దగ్గరికి వచ్చింది. "మా ఆయన కూడా పలకలేదా?"

"ఎవరమ్మా నువ్వు?"

"మీ మిల్లు ఫిట్టరు సూర్యం పెళ్ళాన్ని."

సీతారామరావు బిళ్ళను బయటికి తీసి, దాన్నే చూస్తూ నోరు విప్పాడు. "పిలిచాను. ఆ హోరులో వినపడలేదేమో. సరుకు ఆగిపోయింది, పైవాళ్ళు తిడుతున్నారు. పైకి వచ్చేసి ఉంటాడనుకున్నాను."

"మరి బిళ్ళ?" అన్నాడు పోలరాజు.

"జేబులో ఉండిపోయింది. తర్వాత గంగలో పారేశాను."

పోలరాజుకు కన్నీళ్ళు జలజలా రాలాయి. అన్న మర్చిపోలేదు. తన అన్న బిళ్ళ కట్టే కిందికి దిగాడు. చేతిలో ఉన్న పానాతో ఈ మనిషి నెత్తి పగలగొట్టాలన్నంత కసి పుట్టింది.

"దెబ్బేత్తే రెండు రోజుల్లో మానిపోద్ది," అంది తవిటమ్మ అతని చెయ్యి చూసి. సీతారామరావు వైపు అరచెయ్యి చాపింది. "అదిటియ్యండి."

ఇచ్చాడు. ఆమె దాన్ని స్టీరింగుకు మూడు ముళ్ళు వేసి కట్టింది. చిక్కుడుకాయలు ఏరుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

రెండు కావస్తోంది. ఇప్పుడు బస్సెక్కినా టాక్సీ చూసుకున్నా అయిదింటికి రాంచీ చేరేది లేదు. చేర్చితే ఈ కారే చేర్చాలి. "ఒక్క బోల్టే కదయ్యా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు సీతారామరావు.

"నానెలా ఇప్పుతాను బాబూ? కట్టింది నాను కాదు గదా."

సీతారామరావు పక్కనున్న బల్బీర్ సింగు షెడ్డుకు పరిగెత్తాడు. సింగు కారు దాకా వచ్చి, బిళ్ళ చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "జిస్‌నే బాంధా, వహీ ఖోలేగా సాబ్," కట్టినవాళ్ళే విప్పాలని తేల్చేసి వెళ్ళిపోయాడు. వరసలో మిగతావాళ్ళూ అంతే.

చివరికి సీతారామరావు ఆ ఇంటి తలుపు ముందు నిలబడ్డాడు. "అమ్మా," అని పిలిచాడు. లోపల తాలింపు చిటపటలాడుతోంది. మళ్ళీ పిలిచాడు. ఎవరూ పలకలేదు.

పోలరాజు టైర్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"కేకేత్తా ఉండండి బాబూ. పలకలేదని అయిపోనాదనుకోకండి."