పచ్చయ్యప్ప ఎడమచెయ్యి

నీళ్లు చల్లి, నుదుటిమీది వెంట్రుకలు బొటనవేలితో పైకి నెట్టి, పచ్చయ్యప్ప ఇంకో తల మొదలుపెట్టాడు. తిరుత్తణి కొండమీంచి మార్గళి నెల మంచు ఇంకా వీడలేదు. గుండ్లు కొట్టే రేకుల షెడ్డులో తడిసిన తలలన్నీ ఆ మంచులో తేలుతున్నట్టున్నాయి.

అతని ఎడమచెయ్యి మాత్రం నిద్రలోనే ఉంది. మోచేతి లోపల నిమ్మకాయలంత గడ్డలు రెండు, నొక్కితే మెత్తగా పక్కకు జారేవి. నొప్పి లేదు. చిటికెనవేలు, దాని పక్కవేలు ఎవరో ఎరువిచ్చినవాటిలా ఉండేవి. "కొవ్వు గడ్డలే, భయం లేదు. కానీ నరాన్ని నొక్కుతున్నాయి. ఇప్పుడే తీసేస్తే వేళ్లు దక్కుతాయి" అన్నాడు తిరువళ్లూరు డాక్టరు. ఆడికృత్తిక పండగ అయిపోనీ అనుకున్నాడు పచ్చయ్యప్ప. అది పోయాక పుట్టువెంట్రుకల వాళ్లు వస్తూనే ఉన్నారు. కొండమీది సామికి వెంట్రుకలు కావాలి గానీ, తీసేవాడి చేతితో పనేముంది?

"మామా, ఆ చెయ్యి ఇంట్లో పెట్టొచ్చినావా?" అన్నాడు పక్కపీట వరదన్.

"నువ్వు నోరు పెట్టొచ్చుంటే బాగుండేది."

కడంబత్తూరు నుంచి వచ్చిన కాంచన బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"మా అక్క బిడ్డలకూ నువ్వే తీసినావు, తాతా."

పచ్చయ్యప్ప ఎడమచేత్తో బిడ్డ తల పట్టాడు. మెత్తటి మాడు ఎక్కడుందో కత్తికి చెప్పేది ఆ చెయ్యే. పాలు పొంగబోయే ముందు మీగడ కదిలినట్టు వేళ్లకింద కదిలేది. ఇవాళ ఏమీ కదల్లేదు. ఊపిరి బిగబట్టి, కళ్లతోనే చూసుకుంటూ గీశాడు. బిడ్డ నిద్రపోయాడు. చివరికి రెండు అరచేతులా గుండుకు చందనం పూశాడు.

పచ్చటి చందనంలోంచి ఎరుపు పైకి తేలింది.

కాంచన బిడ్డ తల తడిమింది. వరదన్ లేచొచ్చి నీళ్లతో కడిగాడు. ఎక్కడా గాటు లేదు. బిడ్డ ఆవులించాడు.

"బిడ్డది కాదు, తాతా" అంది కాంచన. "నీ వేలు."

చిటికెనవేలు తెగి కారుతోంది. పచ్చయ్యప్ప దాన్ని పరాయివాళ్ల వేలు చూసినట్టు చూశాడు. నొప్పి కోసం కాసేపు కాచుకున్నాడు. రాలేదు.

"గుడ్డ చుట్టుకో మామా. ఆస్పత్రికి పోదాం."

"వేలు పోతే పోనీరా. మాడు తెలీలేదు నాకు."

కత్తి మడిచి జేబులో వేసుకుని, షెడ్డు మెట్లు దిగి మంచులో కలిసిపోయాడు. మర్నాడు రాలేదు. తర్వాతా రాలేదు.

కత్తి నూరి నూరి నడుమ నల్లగా నిగనిగలాడే అతని తోలుపట్టా మాత్రం స్తంభానికి వేలాడుతూ, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు, చిన్నగా ఊగుతోంది.